పదకొండు నిమిషాలు

నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవారికి:
హీటరు ఎడమకాలి వైపే పనిచేస్తుంది,
ముందు ఆ సంగతి తెలుసుకోండి.
కిటికీ అవతల అసాహికావా.
రాత్రి రెండింటికి
ఊరంతా మంచు కింద ముసుగుతన్ని పడుకున్నప్పుడు
ఏ వీధిని ఏ బండి ముందు గీకాలో
చెప్పేది ఈ ప్రోగ్రామే.

దీన్ని రాసింది సుగినొమే గారు.
ఇరవై ఆరేళ్ళు ఒక్కరే రాశారు,
కలం ఎత్తని గొలుసుకట్టు రాత.
ఒకే ఫంక్షను, రెండువేల వరసలు,
సాయంత్రం దిగితే తెల్లారి తేలతాం.
'టి' అంటే టైము అనుకున్నాను.
ట్రాక్టరట.
'టి2' మాత్రం టైమే.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే,
నేను చేరిన శీతాకాలం అలా గడిచింది.
ఎవరూ పిలవని వరసలు తీసేశాను, మంచి పనే.
ఒకే లెక్క ఏడుచోట్ల ఉంటే
ఒక్కచోటికి చేర్చాను, అదీ మంచిదే.
అప్పుడు తగిలింది:
పదిహేడో వీధి అయితే పదకొండు నిమిషాలు ఆగు.
పైన వివరణ లేదా అంటే, ఉంది:
"ఇక్కడ పదకొండు నిమిషాలు ఆగుతాం."
వాన ఎందుకు పడుతోందంటే
తడుస్తున్నాం కదా అన్నట్టు.
మినోరిని అడిగాను. భుజాలెగరేసింది.
తీసేశాను.

మూడు రాత్రులు మంచు పల్చగా పడింది,
ఏమీ కాలేదు.
నాలుగో రాత్రి హగివారా బండి
పదకొండు నిమిషాలు ముందే వీధి చివరికెళ్ళి
తోసుకొచ్చిన మనిషెత్తు మంచుని
రైలుగేటు దగ్గర, పట్టాల మీద వదిలి
వెనక్కి తిరుగుతోంది.
ఉల్లిపాయల గూడ్సు అక్కడ దాటేది
సరిగ్గా అప్పుడే.

ఆగింది.
ఆగిందని ముందే చెప్తున్నాను,
నాలాగా మీరూ ఊపిరి బిగపట్టకూడదని.
ఎవరికీ ఏమీ కాలేదు.
నాకు మాత్రం ఇప్పటికీ ఉల్లి కోస్తుంటే
కన్నీళ్ళకు రెండు కారణాలు.

పొద్దున్నే సుగినొమే గారు వచ్చారు,
బూట్ల మంచు విదిలించుకుంటూ.
తిడతారనుకున్నాను.
స్క్రీను ముందు చాలాసేపు నిలబడ్డారు,
తన పాత ఫోటోలో
పక్కనున్నదెవరో గుర్తురాని మనిషిలా.
"రైలు సంగతి మర్చిపోతానా అనుకున్నాను,
అందుకే రాయలేదు" అన్నారు.
కాసేపాగి
"ఈ 'టి' ఏమిటి?" అని
నన్నే అడిగారు.

ఆ వారం ముగ్గురం కోడు ముట్టుకోలేదు.
ముందు దొంగ రాత్రులు కల్పించాం:
గేటు పడినట్టు, బండి చెడినట్టు,
ఫిబ్రవరికి ఇరవైతొమ్మిది ఉన్నట్టు.
ప్రతి రాత్రికీ ప్రోగ్రాము ఏమంటుందో విని
రాసిపెట్టుకున్నాకే
రెండువేల వరసల్ని ముక్కలు చేశాం,
ఒక్కో ముక్కకి ఒక్కటే పని.

పేర్ల దగ్గర గొడవలయ్యాయి.
నది వంపు దగ్గరి మిట్టకి
నేనొకటి అన్నాను, మినోరి ఒకటి అంది.
హగివారాకి ఫోను చేస్తే
"మేం దాన్ని ఎలుగు వీపంటాం" అన్నాడు.
కోడులో ఇప్పుడది ఎలుగు వీపే.
అర్ధరాత్రి అతను రేడియోలో అరిస్తే
వెతుక్కోనక్కర్లేదు.

ఒకరోజు నాలుగు వరసల పనిని
ఒక్క వరసలో కుక్కి మురిసిపోయాను.
మినోరి చదివింది. "బాగుంది.
మైనస్ ఇరవైరెండులో, తెల్లవారుజామున మూడింటికి,
నిద్రకళ్ళతో ఎవరికి అర్థమవుతుంది?"
విప్పేశాను.
విప్పినందుకు ఇంకా కొంచెం బాధగానే ఉంది.

పదిహేడో వీధి దగ్గర ఇప్పుడు ఇలా ఉంటుంది:
ఉల్లిపాయల గూడ్సు దాటేదాకా ఆగు.
రైల్వేవాళ్ళు వేళ మారిస్తే
ఒక్కచోట మార్చండి, చాలు.
రైలే మానేస్తే తీసేయండి,
నా రాత కదా అని మొహమాటపడకండి.

నాకెప్పటికీ గుర్తుంటుందనుకుని
రాయకుండా వదిలినవి ఎన్నున్నాయో
నాకు తెలియదు.
ఒకటి తగిలితే ఫోను చేయండి, తిట్టడానికైనా.
నంబరు కింది సొరుగులో ఉంది.
సొరుగుని కాస్త పైకెత్తి లాగండి,
ఎందుకంటే
లోపల సుగినొమే గారి చేతితొడుగు ఒకటి
అడ్డం పడి ఉంది.